ఫొటోలు వేలు, పేర్లు ఎన్ని?

(సంఘం వార్షిక సాంస్కృతిక సమావేశంలో, ఫొటోల పని చూస్తున్న సభ్యుల తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మాకు అప్పగించిన విషయం చిన్నది. కెమెరా కొన్నవాళ్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎన్ని ఫొటోలు తీస్తారు, వాటిలో ఎన్ని మిగులుతాయి అన్నది. పండుగ సభలో ఈ లెక్కలు ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. దీని వెనక ఒక అవ్వ కథ ఉంది. అది చెప్పాకే లెక్కలోకి వస్తాం.

2007లో మేము ఐదుగురం ఎస్‌ఆర్ నగర్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం. అందరం ఉట్నూరు, జైనూరు, ఇంద్రవెల్లి వైపు నుంచి వచ్చినవాళ్లమే. పొద్దున మైత్రీవనం వెనక సందుల్లో కోచింగ్, మధ్యాహ్నం మెస్సు భోజనం, సాయంత్రం సత్యం థియేటర్ ముందు చాయ్. దీపావళికి ముందు ఊళ్లో దండారి ఉంటుంది. ఆ ఏడాది ఎలాగైనా గుస్సాడీల ఫొటోలు మనమే తీయాలి అనుకున్నాం. తలా కొంత వేసుకుని, కోఠికి పోయి, జేబులో పట్టే ఒక డిజిటల్ కెమెరా, ఒక జీబీ కార్డు కొన్నాం.

అప్పటిదాకా మా ఇళ్లలో ఫొటో అంటే ఏమిటో మీకు తెలుసు. ఇంటికి ఒకటో రెండో. పెళ్లి నాడు తీసింది ఒకటి, రేషన్ కార్డుకో బ్యాంకు ఖాతాకో తీసింది ఒకటి. ఫిల్మ్ రోల్‌లో 36 ఫొటోలే వచ్చేవి. రోల్‌కు పైసలు, కడిగినందుకు పైసలు, ప్రింటుకు పైసలు. అందుకే ఫొటోగ్రాఫర్ ‘కదలొద్దు’ అనేవాడు. మనమూ ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. చాలామంది పెద్దల ఫొటోల్లో ముఖం గంభీరంగా ఉండటానికి అదొక కారణం.

డిజిటల్ కెమెరా చేతికి వచ్చాక ఆ భయం పోయింది. మొదటి నెలలోనే 700 దాటాయి. పంజాగుట్ట కూడలి తీశాం. బల్కంపేట ఎల్లమ్మ గుడి తీశాం. అన్నం పళ్లెం తీశాం. అద్దంలో మమ్మల్ని మేమే తీసుకున్నాం. ఊరికి పోయాక దండారి రోజుల్లో అయితే రోజుకు రెండుసార్లు బ్యాటరీ అయిపోయేది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు ఛార్జింగ్.

ఆ ఊరి ఫొటోల్లో మాలో ఒకరి అవ్వ ఉంది. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న మనవడిని చూసి నవ్వుతున్న ఫొటో. పళ్లు లేని నోరు, కళ్ల చుట్టూ ముడతలు, చేతిలో ఆకు చుట్ట. కెమెరా వెనక ఉన్న తెర మీద తన ముఖం తనకే చూపిస్తే ‘ఇంత ముసలిదాన్నయిపోయానా’ అని గోండీలో అని మళ్లీ నవ్వింది. అలాంటివి ఏడెనిమిది తీశాం.

తర్వాత అందరికీ జరిగేదే మాకూ జరిగింది. కొత్త మోజు తగ్గింది. మొదటి నెలలో తీసినన్ని ఆ తర్వాతి మూడు నెలలూ కలిపినా తీయలేదు. కెమెరా బీరువా మీదికి ఎక్కింది. మళ్లీ కేస్లాపూర్ నాగోబా జాతరకు దిగింది. మళ్లీ ఎవరిదో పెళ్లికి దిగింది. మాలో ఒకరికి బిడ్డ పుట్టినప్పుడు ఒక్కసారిగా లెక్క పెరిగింది. ఆ బిడ్డ బోర్లా పడితే ఫొటో, పాకితే ఫొటో. రెండో బిడ్డ పుట్టేసరికి సగం కూడా లేవు. మీ ఇళ్లలోనూ ఇంతేనని మా నమ్మకం. పెద్దపిల్ల ఫొటోలు, చిన్నపిల్లాడి ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. వాడు రేపు అడుగుతాడు.

2011లో మా కెమెరా 9999 దగ్గరికి చేరింది. ఇక్కడే అసలు సంగతి. కెమెరా ప్రతి ఫొటోకూ ఒక నంబరు ఇస్తుంది. అది 0001తో మొదలై 9999 దాకా పోతుంది. ఆ తర్వాత పదివేలు రాదు, మళ్లీ 0001 వస్తుంది. చాలా కంపెనీల కెమెరాలకు ఇదే పద్ధతి. ఆ సంగతి మాకు తెలియదు. కొత్త ఫొటోలను ఎప్పటిలాగే కంప్యూటర్‌లో ఉన్న ‘ఊరు’ అనే ఫోల్డర్‌లోకి కాపీ చేశాం. ‘ఈ పేరుతో ముందే ఫైళ్లు ఉన్నాయి, వాటి స్థానంలో వీటిని పెట్టాలా?’ అని కంప్యూటర్ అడిగింది. మేము సినిమాకు పోయే తొందరలో ఉన్నాం. అన్నింటికీ ‘అవును’ అని నొక్కాం.

ఆ ఒక్క నొక్కుతో మా మొదటి దండారి పోయింది. అవ్వ నవ్వు పోయింది. వాటి స్థానంలో ఏమొచ్చాయో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఒక మిత్రుడి పుట్టినరోజు కేకు ఫొటోలు వచ్చాయి. పోయిన సంగతి కూడా మాకు వెంటనే తెలియలేదు. 2013లో అవ్వ చనిపోయాక, కర్మకు ఫొటో పెద్దది చేయించాలని వెతికినప్పుడు తెలిసింది.

పదివేల పైచిలుకు ఫొటోలు తీసినవాళ్లం, అవ్వ ముఖం కనిపించే ఒక్క ఫొటో కోసం రాత్రంతా వెతికాం. చివరికి ఎవరి పెళ్లిలోనో తీసిన గుంపు ఫొటోలో, మూడో వరుసలో, ఒక మూలన దొరికింది. దాన్ని పట్టుకుని పంజాగుట్టలో ఒక స్టూడియోకు పోయాం. అక్కడి తమ్ముడు ‘ఇంతకంటే మంచిది ఇంకోటి లేదా అన్నా?’ అని అడిగాడు. ఏం చెప్తాం? అతను ఉన్నదాన్నే కోసి, పెద్దది చేసి ఇచ్చాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో గోడ మీద ఆ పటమే ఉంది. ముఖం మసకగా ఉంటుంది. భుజం మీద వేరే ఎవరిదో చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి ఎవరిదో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

అందుకే మేము ఈ లెక్కలో పడ్డాం.

ముందుగా మన హైదరాబాద్ సంగతి చూద్దాం. ఆరో నిజాం కాలంలో రాజా దీన్ దయాళ్ అనే గొప్ప ఫొటోగ్రాఫర్ ఇక్కడ పనిచేశారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1905లో చనిపోయారు. ఆయనది గాజు పలకల కాలం. ఒక్కో ఫొటోకు ఒక్కో గాజు పలక. ఆయన స్టూడియో పలకల్లో 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వందేళ్లు దాటినా వాటిని చూసి ఇది ఫలానా కోట, వీరు ఫలానా నవాబు అని చెప్పగలుగుతున్నారు. ఈ హాల్లో కూర్చున్న చాలామంది ఫోన్లలో ఒక్కొక్కరి దగ్గరే అంతకంటే ఎక్కువ ఫొటోలు ఉంటాయి. నమ్మకం లేకపోతే ఇప్పుడే తీసి చూసుకోండి. సభ తర్వాత మాట్లాడుకుందాం.

డిజిటల్ కెమెరా పుట్టుక కూడా విచిత్రమే. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజినీరు మొదటి నమూనా తయారు చేశాడు. అందులో ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీద నమోదు కావడానికి 23 సెకన్లు పట్టేది. ఫిల్మ్ అమ్ముకుని బతికిన ఆ కంపెనీయే 2012లో దివాలా రక్షణ కోరింది. తర్వాత డిజిటల్ కెమెరాల వంతు వచ్చింది. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్క ప్రకారం 2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్‌లోకి వచ్చాయి. 2021 నాటికి అది కోటి లోపుకు పడిపోయింది. అంటే ఫొటోలు తగ్గాయని కాదు. కెమెరా ఫోన్లోకి పోయింది. బీరువా మీద ఉండాల్సింది ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ జేబులో ఉంది.

ఇక మన లెక్క. రోజుకు 10 ఫొటోలు తీసే మనిషి అనుకుందాం. పండుగల్లో ఎక్కువ, మామూలు రోజుల్లో తక్కువ, సగటున పది. ఏడాదికి 3,650. పదేళ్లకు 36,500. పాత రోజుల్లో అయితే వెయ్యికి పైగా ఫిల్మ్ రోల్స్ కావాలి. ఒక్కో ఫొటోను ఐదు సెకన్లు చూసినా అన్నీ చూడటానికి 50 గంటలు పడుతుంది. నిద్ర లేకుండా రెండు రోజులకు పైమాటే. ఒక్కో ఫొటో 4 ఎంబీ అనుకుంటే పదేళ్లకు 146 జీబీ. గూగుల్ ఫొటోస్‌లో ఎన్నైనా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు ఉచితంగా దొరికేది 15 జీబీ, అది కూడా మెయిల్‌తో కలిపి. అంటే మన పది ఫొటోల మనిషికి ఏడాది తిరిగేసరికి నిండిపోతుంది. తర్వాత నెలనెలా డబ్బు కట్టాలి. లేదంటే ఫొటోలు తీసేయాలి. ఏవి తీసేయాలో తేల్చుకునే ఓపిక ఎవరికి ఉంది?

వాట్సాప్ ఉంది కదా అంటారు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను చిన్నది చేసి పంపుతుంది. ఫోన్ తెర మీద బాగానే కనిపిస్తుంది. గోడకు పటం కట్టించబోతే తెలుస్తుంది.

ఇంకో చిక్కు తేదీ. కెమెరా బ్యాటరీ చాలా రోజులు తీసేసి ఉంచితే లోపలి గడియారం మొదటికి పోతుంది. మా దగ్గరున్న దండారి ఫొటోలు కొన్ని జనవరి ఒకటిన తీసినట్టు చూపిస్తాయి. మా తర్వాతివాళ్లు చూస్తే, మనవాళ్లు దండారిని కొత్త సంవత్సరం నాడు ఆడేవారని రాసినా రాస్తారు.

ఇప్పుడు అసలు మాట చెప్పుకుందాం.

క్రిస్టఫ్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పేరు ఇక్కడ తెలియనివాళ్లు లేరు. 1940ల్లో భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో మనవాళ్ల మధ్య ఉన్నారు. మన బడులకు, భూములకు, నాగోబా దర్బారుకు ఆయన పేరుతో ముడి ఉంది. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి. ఆయన తీసిన వేలాది ఫొటోలు లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటిని చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. మన తాతల కట్టు, బొట్టు, ఇల్లు, నాగలి అన్నీ కనిపిస్తాయి. కానీ చాలాచోట్ల కింద రాసి ఉండేది ‘గోండు స్త్రీ’, ‘గోండు యువకుడు’ వంటి వివరమే. ఊరు ఉంటుంది, తెగ ఉంటుంది. మనిషి పేరు ఉండదు. ఆ స్త్రీ ఎవరో ఒకరి ముత్తవ్వ. ఆమె మునిమనవడు ఇవాళ ఈ హాల్లో ఉన్నా ఉండవచ్చు. ఆ ఫొటో ఎదురుగా పెట్టినా పోల్చుకోలేడు.

దీని మీద మేము చాలాసార్లు బాధపడ్డాం. బయటివాళ్లు మనల్ని తెగగా చూశారు, మనుషులుగా పేరు పెట్టి రాయలేదు అని సభల్లో మాట్లాడాం కూడా. ఆ తర్వాత ఒక రోజు మా హార్డ్ డిస్క్ తెరిచి చూసుకున్నాం. ‘దండారి’, ‘దండారి కొత్తది’, ‘దండారి రెండు’, ‘ఊరు మిగతావి’. లోపల వేల ఫొటోలు. ఒక్కదానికీ పేరు లేదు. తీసింది మేమే. ఫొటోల్లో ఉన్నది మా బంధువులే. ఆయన కనీసం ఊరి పేరు రాశారు, మేము అదీ రాయలేదు. ఇక ఆయనను అనడానికి మాకు నోరెక్కడిది?

పద్మశ్రీ కనకరాజు గారు మార్లవాయి మనిషి. గుస్సాడీని ఎంతోమంది పిల్లలకు నేర్పారు. 2024 అక్టోబర్‌లో మన నుంచి వెళ్లిపోయారు. ఆయన ఫొటోలు పేపర్లలో ఉన్నాయి, పేరుతో సహా ఉన్నాయి. కానీ ఆయన పక్కన డప్పు కొట్టినవాళ్లు ఎవరు? వెనక కోలాలు పట్టుకున్న పిల్లలు ఎవరు? ఇవాళ అడిగితే చెప్పేవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు. పదేళ్ల తర్వాత ఉంటారో లేదో.

ఇక్కడ ఒక చిన్న మంచి మాట కూడా చెప్పాలి. పనికిరావనుకున్న ఫొటోలే కొన్ని ఇప్పుడు పనికొస్తున్నాయి. 2007లో అమీర్‌పేటలో మేము రోడ్డు మీద నిలబడి సరదాగా తీసుకున్నవి కొన్ని మిగిలాయి. అప్పుడు మా ముఖాలే చూసుకున్నాం. ఇప్పుడు చూస్తే మా వెనక మెట్రో స్తంభాలు లేని రోడ్డు ఉంది, పాత సత్యం థియేటర్ ఉంది. 2017 నవంబర్‌లో మెట్రో నడిచింది. సత్యం థియేటర్ పోయి ఆ చోట మల్టీప్లెక్స్ వచ్చింది. అలాగే ఊరి ఫొటోల్లో మనుషుల వెనక చూడండి. పెంకుటిల్లు, మట్టి గోడ మీద ముగ్గు, జొన్నలు దాచే గుమ్మి, ఎడ్లబండి. ఫొటో తీసిన రోజు ఎవరూ వాటిని చూడరు. ఇరవై ఏళ్ల తర్వాత అందరూ వాటినే చూస్తారు. కాబట్టి తీయడం మానండి అని మేము చెప్పడం లేదు. తీయండి. తీసిన తర్వాత చేయాల్సిన పని ఒకటి ఉంది, అది చేద్దాం అంటున్నాం.

సంఘం తరఫున మేము పెట్టే ప్రతిపాదన ఇది. ప్రతి కుటుంబం ఏడాదికి 12 ఫొటోలు ఎంచుకోవాలి. నెలకు ఒకటి. పదేళ్లకు 120. ఒక ఆల్బమ్‌లో పడతాయి. పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక సాయంత్రంలో చూపించవచ్చు. 36,500 ఎవరూ చూపించలేరు.

ఆ పన్నెండింటినీ కాగితం మీద ప్రింటు తీయించాలి. వెనక నాలుగు మాటలు రాయాలి. ఎవరు, ఏ ఊరు, ఎప్పుడు, ఏం జరుగుతోంది. ఎవరు అన్నచోట ఇంటిపేరుతో సహా, ఎన్ని దేవతల వారో కూడా రాయండి. మన చుట్టరికాలన్నీ దాని మీదే ఉన్నాయి. పెన్ను సిరా ఫొటోకు అంటుకుంటుంది. మెత్తని పెన్సిల్‌తో, ఒత్తకుండా రాయండి. తెలుగులో రాయండి. వచ్చినవాళ్లు గుంజాల గోండి లిపిలో కూడా రాయండి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, అంటే ఫోన్లో, కంప్యూటర్‌లో కూడా ఆ లిపిలో పేరు పెట్టుకునే దారి ఏర్పడింది. గుంజాలలో పాత రాతప్రతులను మన పెద్దలు ఇంట్లో జాగ్రత్తగా దాచబట్టే ఆ లిపి బతికింది. వాళ్ల దగ్గర హార్డ్ డిస్క్ లేదు, దాచాలన్న బుద్ధి ఉంది.

కంప్యూటర్‌లో దాచేటప్పుడు ఒకే చోట దాచవద్దు. ఒకటి మీ ఇంట్లో, ఒకటి ఊళ్లో, ఒకటి సంఘం దగ్గర. ఏడాదికో ఫోల్డర్ పెట్టండి, పండుగకో ఫోల్డర్ పెట్టండి. ‘స్థానంలో పెట్టాలా’ అని కంప్యూటర్ అడిగినప్పుడు ఒక్క క్షణం ఆగి మా అవ్వను గుర్తు చేసుకోండి.

ఇంకొక్క మాట. అన్నీ ఫొటో తీయాల్సినవి కావు. పూజలో కొన్ని ఘట్టాలు తీయవద్దని పెద్దలు అంటే కెమెరా దించేయండి. మన కెమెరా కదా, మన పండుగ కదా అనుకోవద్దు. భేటింగ్‌కు తెల్లచీరలో తలవంచి నిలబడిన కొత్త కోడలు కూడా మనిషే. ఆమెను అడిగి తీయండి. అడగకుండా తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, పేరు లేకుండా తీసుకుపోయిన బయటివాళ్లకూ మనకూ తేడా ఏముంది?

ఈ సభ తర్వాత వెనక బల్ల దగ్గర మేము ఒక స్కానర్ పెట్టుకుని కూర్చుంటాం. పాత ఫొటోలు తెచ్చినవాళ్లు ఇవ్వండి. స్కాన్ చేసి, మీ ఎదురుగానే అసలు ఫొటో తిరిగి ఇచ్చేస్తాం. సోయాస్ వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిన పాత ఫొటోలను కూడా ల్యాప్‌టాప్‌లో చూపిస్తాం. ఊళ్ల నుంచి వచ్చిన పెద్దలను చేతులెత్తి వేడుకుంటున్నాం. అవి చూడండి. ముక్కు తీరో, నిలబడిన తీరో, చేతి కడియమో చూసి ‘ఇది ఫలానా ఇంటి మనిషిలా ఉంది’ అనిపిస్తే చెప్పండి. తప్పయినా ఫరవాలేదు. అనుమానం అని పక్కన రాసుకుంటాం, ఆ ఊరికి పోయి ఇంకొకరిని అడుగుతాం. ఒక్క పేరు దొరికినా మాకు పండుగే.

మా అవ్వ పటంలో భుజం మీద చెయ్యి ఉందన్నాం కదా. ఆ గుంపు ఫొటో కూడా బల్ల మీద పెట్టాం. చేతికి వెండి కడియం ఉంది, చిటికెన వేలు కొంచెం వంకర. ఎవరిదో తెలిస్తే చెప్పి పోండి.